రెండు భాషల మనసు: ఎలెన్ బియాలిస్టాక్ పరిశోధన జీవితం

సభాధ్యక్షులకూ, పెద్దలకూ, మిత్రులకూ నమస్కారం.

ఈ రోజు నేను ఒక శాస్త్రవేత్త గురించి మాట్లాడబోతున్నాను. ఆమె జీవిత విశేషాలను వరసగా ఏకరువు పెట్టడం నా ఉద్దేశం కాదు. రెండు భాషలతో బతికే మనిషి మనసు ఎలా పనిచేస్తుందన్న ఒకే ప్రశ్నను పట్టుకుని ఆమె నాలుగు దశాబ్దాలకు పైగా పనిచేశారు. ఆ ప్రశ్న ఆమె చేతిలో ఎలా రూపం మార్చుకుంటూ వచ్చిందో, ఆమె పేరు మీద లోకంలో చలామణీ అవుతున్న మాటకూ ఆమె నిజంగా కనుగొన్నదానికీ ఎంత దూరం ఉందో చెప్పడమే నా పని. ఆమె పేరు ఎలెన్ బియాలిస్టాక్. కెనడాలోని టొరంటో నగరంలో యార్క్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యులు.

ముందుగా ఒక వాక్యం వినండి. "యాపిల్ పళ్ళు ముక్కుల మీద కాస్తాయి." ఈ వాక్యం సరిగ్గా ఉందా, తప్పుగా ఉందా? మీరు నవ్వుతున్నారు. విషయం అబద్ధమే కానీ వాక్యంలో వ్యాకరణ దోషం ఏమీ లేదని మీరు ఒక్క క్షణంలో తేల్చేశారు. అయిదేళ్ల పిల్లకు అది అంత తేలిక కాదు. ముక్కు మీద పళ్ళు కాయడమేమిటన్న ఆలోచన ఆమె మనసును పూర్తిగా ఆక్రమిస్తుంది. అర్థాన్ని కాసేపు పక్కకు నెట్టి వాక్యం కట్టుబడిని మాత్రమే చూడమంటే ఆ వయసులో అది కష్టమైన పని. బియాలిస్టాక్ పరిశోధన అంతా ఒక విధంగా ఈ వాక్యం దగ్గరే మొదలైందని చెప్పవచ్చు. అయితే అక్కడికి వెళ్ళేముందు ఆమె కంటే ముందు ఈ రంగంలో ఏమనుకునేవారో కొద్దిగా చెప్పుకోవాలి.

ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో రెండు భాషలు పిల్లల బుద్ధికి చేటు అన్న అభిప్రాయం పాశ్చాత్య విద్యారంగంలో బలంగా ఉండేది. 1923లో డి. జె. సేర్ అనే పరిశోధకుడు వేల్స్‌లో పిల్లలను పరీక్షించి, పల్లెల్లో వెల్ష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పిల్లలు తెలివితేటల పరీక్షల్లో వెనుకబడ్డారని ప్రకటించాడు. అలాంటి అధ్యయనాల్లో ఏ కుటుంబం పేదది, ఏ కుటుంబం కలిగినది, పరీక్ష పెట్టిన భాష పిల్లకు ఎంతవరకు వచ్చు అన్న విషయాలను సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదు. 1962లో కెనడాలోని మాంట్రియల్‌లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ అనే ఇద్దరు పదేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనం ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. సామాజిక స్థాయి ఒకటే ఉండేలా జాగ్రత్త పడి పోల్చినప్పుడు ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చిన పిల్లలే చాలా పరీక్షల్లో ముందున్నారు. అయితే ఆ పిల్లలను ఎంపిక చేసిన పద్ధతిలోనే చురుకైనవారు ద్విభాషుల వైపు చేరిపోయి ఉండవచ్చన్న అనుమానం మిగిలింది. "చేటా, మేలా" అన్న తక్కెడ అటూ ఇటూ ఊగింది తప్ప, రెండు భాషలు మనసులో ఏ పని చేస్తాయన్నది ఎవరూ విప్పి చూడలేదు.

బియాలిస్టాక్ 1976లో టొరంటో విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పూర్తిచేశారు. పిల్లల్లో ఆలోచన, భాష ఎలా వికసిస్తాయన్నది ఆమె అధ్యయన క్షేత్రం. ద్విభాషిత్వం ఆమె ఏరి కోరి ఎంచుకున్న విషయం కాదు. అప్పట్లో కెనడాలో డాక్టరేట్లకు ఉద్యోగాలు దొరకడం కష్టంగా ఉండేది. ఆమెకు దొరికింది రెండో భాష నేర్చుకోవడం మీద జరుగుతున్న ఒక పరిశోధన ప్రాజెక్టులో పని. తన రంగం కాకపోయినా దానికి దగ్గరగా ఉందని ఆమె చేరారు. 1969లో అధికార భాషల చట్టం వచ్చిన దేశంలో, ఇంగ్లీషు మాతృభాషగా గల పిల్లలను ఫ్రెంచి మాధ్యమంలో చదివించే బడులు అప్పుడప్పుడే పెరుగుతున్న కాలంలో ఆ పని దొరకడం వింతేమీ కాదు. శాస్త్రజ్ఞుల జీవితాల్లో ఇలాంటి అనుకోని మలుపులను మనం తర్వాత చరిత్ర రాసేటప్పుడు ముందుచూపుగా మార్చేస్తుంటాం. ఆమె మాత్రం అలా మార్చి చెప్పుకోలేదు.

ఇక ముక్కుల మీది యాపిల్ పళ్ళ దగ్గరకు వద్దాం. 1980లలో ఆమె పిల్లలకు పలు రకాల వాక్యాలు వినిపించి, అవి సరైన రీతిలో చెప్పినవా కాదా అని అడిగారు. అర్థం సరిగ్గా ఉండి వ్యాకరణం తప్పిన వాక్యాలను ఏకభాషులైన పిల్లలూ, ద్విభాషులైన పిల్లలూ ఇంచుమించు ఒకేలా పట్టుకున్నారు. అంటే రెండో భాష వల్ల వ్యాకరణ జ్ఞానం ఏమీ పెరగలేదు. తేడా వచ్చింది రెండో రకం దగ్గర, అర్థం వెర్రిగా ఉండి వ్యాకరణం సరిగ్గా ఉన్న వాక్యాల దగ్గర. ఒక భాషే వచ్చిన పిల్లలు అర్థానికి చిక్కుకుని "తప్పు" అన్నారు. రెండు భాషల పిల్లలు "పిచ్చి మాటే, కానీ చెప్పిన తీరు సరైనదే" అనగలిగారు.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది. దాని నుంచి ఆమె తీసిన నిర్ధారణ మాత్రం చిన్నది కాదు. భాషను గురించి పిల్లకు ఎంత తెలుసు అన్నది ఒక విషయం, ఏది ఇప్పుడు అవసరమో దాని మీదే దృష్టి నిలిపి అనవసరమైనదాన్ని పక్కన పెట్టగలగడం మరో విషయం. మొదటిదానికి ఆమె విశ్లేషణ అనీ, రెండోదానికి నియంత్రణ అనీ పేర్లు పెట్టారు. రెండు భాషల అనుభవం పెంచేది మొదటిదాన్ని కాదు, రెండోదాన్ని అన్నది ఆమె ప్రతిపాదన. అంతవరకూ తెలివి అనే ఒకే ముద్దను కొలుస్తూ వచ్చిన రంగంలో ఇలా విడదీసి చూడడమే ఆమె చేసిన అసలైన పని అని నా అభిప్రాయం. తర్వాత వచ్చిన పేరుప్రతిష్ఠలన్నీ దీని మీద కట్టినవే.

నియంత్రణ నిజంగా భాషకు సంబంధించినదే అయితే భాష లేని పనుల్లో తేడా కనిపించకూడదు. 1999లో ఆమె దీన్నే పరీక్షించారు. నాలుగైదేళ్ల పిల్లలకు రంగు, ఆకారం వేర్వేరుగా ఉన్న బొమ్మ ముక్కలు ఇచ్చి ముందు రంగును బట్టి వేరు చేయమంటారు. పిల్లలు చక్కగా చేస్తారు. తర్వాత అవే ముక్కలను ఆకారాన్ని బట్టి వేరు చేయమంటారు. ఈ వయసు పిల్లల్లో చాలామంది కొత్త నియమాన్ని నోటితో సరిగ్గా అప్పజెప్పి, చేత్తో మాత్రం పాత నియమం ప్రకారమే పెడుతూ పోతారు. చైనీస్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పిల్లలు ఈ మార్పును ఏకభాషులకంటే సులువుగా చేయగలిగారు. ఇక్కడ మాటలతో పనిలేదు, ఉన్నది పాత అలవాటు లాగుతుంటే దాన్ని వదిలించుకోవడం ఒక్కటే.

ఎందుకిలా? దీనికి జవాబు ఆ దశాబ్దంలోనే ఇతరుల పరిశోధనల నుంచి వచ్చింది. రెండు భాషలు వచ్చినవారు ఒక భాషలో మాట్లాడుతున్నప్పుడు రెండోది నిద్రపోదు. 1999లో మైఖేల్ స్పివీ, వియోరికా మారియన్ రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చినవారి కంటి కదలికలను గమనించారు. రష్యన్‌లో తపాలా బిళ్ళను "మార్కా" అంటారు. ఆ బిళ్ళను తీయమని రష్యన్‌లో చెబితే, వినేవారి చూపు బల్ల మీదే ఉన్న మార్కర్ పెన్ను వైపు కూడా మళ్ళింది. ఇంగ్లీషు మాట ఒక్కటీ వినిపించకపోయినా మనసులో ఇంగ్లీషు మేలుకునే ఉందన్నమాట. అలా అయితే ద్విభాషి నోరు విప్పిన ప్రతిసారీ ఒక భాషను ఎంచుకుని రెండోదాన్ని ఆపాలి. ఆ ఆపడాన్ని 1998లో డేవిడ్ గ్రీన్ ఒక సిద్ధాంతంగా రూపొందించారు. రోజంతా, ఏళ్ల తరబడి ఇలా సాధన చేసిన యంత్రాంగం ఇతర పనుల్లో కూడా పదునుగా ఉంటుందన్నది బియాలిస్టాక్ వాదన. అవసరమైనదాని మీద దృష్టి నిలిపే శక్తికి మనస్తత్వ శాస్త్రంలో, తెలుగులో అవధానం అనే మాట వాడుతున్నాం. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడ్డగించిన అక్షరాన్ని తప్పించుకుంటూ పద్యం నడిపించడం ఎలాంటి పనో తెలిసిన భాషలో ఈ విషయాన్ని వివరించడానికి వేరే ఉపమానం వెతుక్కోనక్కరలేదు.

ఆమె జీవితంలో పెద్ద మలుపు ఫెర్గస్ క్రెయిక్‌తో కలిసి పనిచేయడం. జ్ఞాపకశక్తి పరిశోధనలో క్రెయిక్ అప్పటికే ప్రసిద్ధుడు. 1972లో రాబర్ట్ లాక్‌హార్ట్‌తో కలిసి ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. వయసు మీరేకొద్దీ మనసు ఎలా మారుతుందన్నది ఆయన విషయం, పిల్లల మనసు ఆమె విషయం. పిల్లల్లో మెల్లగా పెరిగే ఈ నియంత్రణ శక్తే వృద్ధాప్యంలో ముందుగా సడలుతుంది కాబట్టి, ఇద్దరి ప్రశ్నలూ ఒకే తాడుకు రెండు కొసలు. 2004లో వారు ప్రచురించిన వ్యాసంలో సైమన్ పరీక్ష అనే సాధనాన్ని వాడారు. తెర మీద ఒక రంగు చతురస్రం వస్తే ఎడమ మీటనూ, మరో రంగుది వస్తే కుడి మీటనూ నొక్కాలి. ఎడమ మీట నొక్కాల్సిన రంగు తెరకు కుడివైపున కనిపిస్తే అందరికీ కాస్త ఆలస్యమవుతుంది. ఈ ఆలస్యం ద్విభాషుల్లో తక్కువగా ఉందనీ, వయసు పైబడినవారిలో ఈ తేడా మరింత పెరిగిందనీ వారు చూపారు. ఆ మొదటి ప్రయోగంలోని ద్విభాషులు భారతదేశంలో ఉంటూ తమిళం, ఇంగ్లీషు మాట్లాడేవారు, ఏకభాషులు కెనడావారు. ఈ వివరాన్ని గుర్తుపెట్టుకోండి, విమర్శకులు దీని దగ్గరకే వచ్చారు.

2007లో క్రెయిక్, నాడీవైద్యుడు మోరిస్ ఫ్రీడ్‌మన్‌లతో కలిసి ఆమె ప్రచురించిన అధ్యయనం ప్రయోగశాల గోడలు దాటింది. టొరంటోలోని ఒక జ్ఞాపకశక్తి చికిత్సాలయానికి వచ్చిన డిమెన్షియా, అంటే మతి క్రమంగా క్షీణించే జబ్బు, ఉన్న 184 మంది రోగుల రికార్డులను వారు పరిశీలించారు. వారిలో దాదాపు సగం మంది జీవితమంతా రెండు భాషలు వాడినవారు. ఏకభాషుల్లో వ్యాధి లక్షణాలు సగటున 71.4 ఏళ్లకు కనిపిస్తే, ద్విభాషుల్లో 75.5 ఏళ్లకు కనిపించాయి. నాలుగేళ్ల తేడా. పైగా ద్విభాషుల బడి చదువు తక్కువ, కాబట్టి ఇది చదువు మహిమ అనడానికి వీల్లేదు. 2010లో, డిమెన్షియాలో ఒక రకమైన అల్జైమర్స్ వ్యాధిగా నిర్ధారణ అయిన 211 మంది మీద చేసిన మరో అధ్యయనంలో లక్షణాలు మొదలవడంలో తేడా 5.1 ఏళ్లుగా తేలింది.

ఈ అంకెలను చాలామంది తప్పుగా చదివారు. రెండు భాషలు వచ్చినవారికి అల్జైమర్స్ రాదని ఆమె ఎక్కడా చెప్పలేదు. వ్యాధి మెదడును తినడం ఆగదు. తినేసిన తర్వాత కూడా పని నడుపుకోగలగడం ఒకటి ఉంది, దాన్ని ఈ రంగంలో మేధో నిల్వ అంటారు. దీనికి బలమైన ఆధారం 2012లో టామ్ ష్వైట్జర్ బృందంతో కలిసి చేసిన సీటీ స్కాన్ల అధ్యయనం. మతి పనితీరు ఒకే స్థాయిలో ఉన్న రోగులను పోల్చి చూస్తే, ద్విభాషుల మెదడులో వ్యాధి వల్ల కలిగిన క్షీణత ఏకభాషులకంటే ఎక్కువగా కనిపించింది. వినగానే ఇదేదో ప్రతికూల ఫలితంలా అనిపిస్తుంది. కాస్త ఆలోచిస్తే అసలు సంగతి బోధపడుతుంది. అంత దెబ్బతిన్న మెదడుతో కూడా వారు, తక్కువ దెబ్బతిన్న ఏకభాషులతో సమానంగా నెట్టుకొస్తున్నారు.

టొరంటో ఫలితాలకు ఒక చిక్కు ఉంది. అక్కడి ద్విభాషుల్లో చాలామంది వలస వచ్చినవారు. దూరదేశానికి వలస వెళ్ళగలిగినవారు మొదటి నుంచీ ఆరోగ్యంలోనో, చొరవలోనో భిన్నమైనవారు కావచ్చు. ఈ చిక్కును విడదీసినది మన హైదరాబాదులో జరిగిన పరిశోధన. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి నాయకత్వంలో, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్ తదితరులతో కలిసి చేసిన ఆ అధ్యయనం 2013లో వెలువడింది. 648 మంది డిమెన్షియా రోగుల్లో 391 మంది ద్విభాషులు. వారికి వ్యాధి ఏకభాషులకంటే నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. ఇక్కడ రెండు భాషలు మాట్లాడడానికి ఎవరూ దేశం దాటనక్కరలేదు. అంతకంటే ముఖ్యం, అక్షరం ముక్క రాని రోగుల్లో కూడా ఈ తేడా కనిపించింది, అది ఆరేళ్ల వరకూ ఉంది. బియాలిస్టాక్ ప్రభావం గురించి అడిగితే ఆమెను పొగిడిన వ్యాసాలకంటే ముందు నేను ఈ అధ్యయనాన్ని చూపిస్తాను. ఒకరి ప్రశ్నను మరొకరు, మరో జనసముదాయంలో, మొదటివారికి సాధ్యం కాని రీతిలో పరీక్షించగలిగారు.

2007 తర్వాత పత్రికలు ఈ విషయాన్ని అందుకున్నాయి. "రెండు భాషలు వస్తే తెలివి పెరుగుతుంది" అన్న శీర్షికలు పుట్టాయి. నియంత్రణకూ తెలివికీ తేడా చూపించడమే ఆమె తొలి పని అని ఇందాక చెప్పాను. ఆ తేడానే పత్రికలు చెరిపేశాయి. అంతేకాదు, ఆమె స్వయంగా కనుగొన్న నష్టాన్ని దాదాపు ఎవరూ రాయలేదు. 2010లో మూడు నుంచి పదేళ్ల లోపు 1,738 మంది పిల్లల పదసంపదను కొలిచి, ఇంగ్లీషు పదాల్లో ద్విభాషులైన పిల్లలు ప్రతి వయసులోనూ వెనుకబడి ఉన్నారని ఆమె బృందం చూపింది. ఆ వెనుకబాటు బడిలో వినిపించే మాటల్లో కాక ఇంట్లో వినిపించే మాటల్లోనే ఎక్కువగా ఉంది. ఇంట్లో వేరే భాష నడిచే పిల్లలకు ఇంటి వస్తువుల ఇంగ్లీషు పేర్లు తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. లాభమూ నష్టమూ రెంటినీ ఒకే చేత్తో లెక్కగట్టిన శాస్త్రవేత్తను లోకం లాభాల ప్రచారకురాలిగా మార్చేసింది.

ఇక వివాదం. 2007లోనే బ్రూస్ మోర్టన్, సారా హార్పర్ సామాజిక స్థాయిని జాగ్రత్తగా సమం చేస్తే పిల్లల్లో సైమన్ పరీక్ష తేడా కనిపించడం లేదన్నారు. 2013లో కెనెత్ పాప్, జాకరీ గ్రీన్‌బర్గ్ మూడు అధ్యయనాలు చేసి, ద్విభాషులకు పొందికైన ఆధిక్యం ఎక్కడా లేదని తేల్చారు. పాప్ వాదనలో నాకు బలంగా కనిపించేది ఇంకొకటి. నియంత్రణను కొలుస్తాయని చెబుతున్న పరీక్షలు ఒకదానితో ఒకటి సరిగ్గా కలవడం లేదు. ఒక పరీక్షలో చురుకైనవాడు మరోదానిలో చురుకుగా ఉండడం లేదు. అలాంటప్పుడు అవన్నీ ఒకే శక్తిని కొలుస్తున్నాయని ఎలా అనుకోవడం? 2015లో ఏంజెలా డి బ్రూయిన్ బృందం సదస్సుల్లో సమర్పించిన 104 పరిశోధన సంగ్రహాలను వెంబడించి, ఆధిక్యం చూపినవి ప్రచురణకు నోచుకున్నంతగా చూపనివి నోచుకోలేదని లెక్క తేల్చింది. 2018లో మిన్నా లెహ్టోనెన్ తదితరులు పెద్దవారి మీద జరిగిన 152 అధ్యయనాలను కలిపి లెక్కించి, ఈ ప్రచురణ పక్షపాతాన్ని సరిచేస్తే ఆధిక్యం మిగలడం లేదన్నారు. 2019లో అమెరికాలో 4,500 మందికి పైగా తొమ్మిది పదేళ్ల పిల్లల సమాచారాన్ని పరిశీలించిన మరో బృందానికి కూడా ఏ ఆధిక్యమూ కనబడలేదు.

వీటన్నిటికీ బియాలిస్టాక్ ఇచ్చిన సమాధానం ఒక్కసారిగా వచ్చినది కాదు. మొదట ఆమె, సహచరులు ప్రచురణ పక్షపాతం లెక్క పద్ధతినే ప్రశ్నించారు. సదస్సులో చదివిన ప్రతి పత్రమూ అచ్చుకు తగినది కాదు కదా అన్నారు. ఈ వాదనలో కొంత న్యాయం ఉన్నా, అది మూల ప్రశ్నకు జవాబు కాదని నేననుకుంటాను. ఆమె ఇచ్చిన మెరుగైన జవాబు తర్వాత వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్ల విద్యార్థులు తేలికైన పరీక్షలో ఇప్పటికే శిఖరాన ఉంటారు, వారిలో తేడా వెతకడం వృథా అని చాలాకాలంగా ఆమె చెబుతూ వచ్చారు. 2022లో క్రెయిక్‌తో కలిసి రాసిన వ్యాసంలో మరో అడుగు ముందుకు వేశారు. ఆపడం అనే ఒక్క యంత్రాంగం మీద ఆధారపడిన పాత వివరణ చాలదనీ, ద్విభాషిత్వం మార్చేది అవధానం నిర్వహించే తీరునే అనీ, పని కష్టమైనప్పుడు మాత్రమే ఆ తేడా బయటపడుతుందనీ వాదించారు. తన సిద్ధాంతంలోని ప్రధాన స్తంభాన్ని తానే కదిలించడానికి ధైర్యం కావాలి. కదిలించిన తర్వాత దాన్ని తప్పని చూపించడం మరింత కష్టమైందని విమర్శకులు అనవచ్చు, ఆ మాటలోనూ పస ఉంది.

గౌరవాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2010లో ఆమెకు కెనడా పండితులకు ఇచ్చే ఉన్నత పురస్కారాల్లో ఒకటైన కిల్లమ్ బహుమతి లభించింది. 2016లో ఆర్డర్ ఆఫ్ కెనడాలో అధికారి హోదా ఇచ్చారు. 2001లో వెలువడిన ఆమె పుస్తకం పిల్లల ద్విభాషిత్వం మీద పనిచేసేవారికి చాలాకాలం మొదటి పాఠంగా ఉంది.

నా దృష్టిలో ఆమె ప్రభావం అసలు కనిపించేది మరోచోట. రెండు భాషల గురించి వాదించుకునే ఇరుపక్షాలూ ఇప్పుడు వాడుతున్న పరిభాష, అడుగుతున్న ప్రశ్నలు, వాడుతున్న పరీక్షలు చాలావరకు ఆమె తెచ్చినవే. ఆమెను ఖండించడానికి కూడా ఆమె గీసిన బరిలోకే దిగాలి. 2013లో జీజీ లుక్‌తో కలిసి రాసిన ఒక వ్యాసంలో, ద్విభాషి, ఏకభాషి అని మనుషులను రెండు గదుల్లో పెట్టడమే పొరపాటని ఆమె అన్నారు. అమ్మమ్మతో ఒక భాష, బడిలో మరొకటి వాడే పిల్లా, ఇరవై ఏళ్ల వయసులో ఉద్యోగం కోసం రెండోది నేర్చుకున్న వ్యక్తీ, రెండు భాషలనూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడే మనిషీ ఒకే మాట కిందికి ఎలా వస్తారు? పాత అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి కొంత కారణం ఇక్కడే ఉండవచ్చు. అందుకే ఆమె ప్రయోగశాల నుంచి వచ్చిన ప్రశ్నావళి "మీకు రెండు భాషలు వచ్చా" అన్న ఒక్క మాటతో ఊరుకోదు. ఏ భాష ఏ వయసులో మొదలైంది, ఇంట్లో ఎవరితో ఏది మాట్లాడతారు, బయట ఏది, ఒక దాంట్లోంచి మరొక దాంట్లోకి ఎంత తరచుగా మారతారు అని విడివిడిగా అడుగుతుంది. ఇప్పుడు జరుగుతున్న పరిశోధనలో చాలా భాగం ఆ జవాబులను మెదడు చిత్రాలతో పోల్చి చూడడమే.

నాకు కేటాయించిన సమయం అయిపోయింది. సందేహాలుంటే ఇప్పుడు అడగవచ్చు.